షోర్ అనుకుంటే షోరే, చెవి పెడితే సంగీతం: ఏమిటీ బీరూట్ 'కార్ఖానా'?

కార్ఖానా అంటే హైదరాబాద్ వాళ్లకు సికింద్రాబాద్‌లోని ఆ ఏరియా గుర్తొస్తుంది. జిల్లాల్లో ఉన్నవాళ్లకు బీడీల కార్ఖానా గుర్తొస్తుంది. ఇదే పేరుతో ఒక సంగీత బృందం ఉందని, అది పుట్టింది లెబనాన్ రాజధాని బీరూట్‌లో అని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. 2014లో మొదలైన ఈ బృందంలో ఏడుగురు ఉన్నారు. కొందరిది బీరూట్, కొందరిది కైరో, ఒకరిది ఇస్తాంబుల్, ఒకరిది అమెరికాలోని షికాగో.

వీళ్లు ముందే కట్టిన ట్యూన్ వాయించరు. స్టేజీ ఎక్కేటప్పుడు ఏం వాయించబోతున్నారో వాళ్లకే తెలియదు. గిటార్ అరుస్తుంది, ట్రంపెట్ బుసకొడుతుంది, ఎక్కడో ఊద్ సన్నగా మొదలవుతుంది, దర్బుకా దాన్ని తరుముతుంది. మొదటిసారి విన్నవాళ్లు 'క్యా షోర్ హై, బంద్ కరో' అనడం ఖాయం. వింతేమిటంటే, ఈ తరహా సంగీతానికి లోకంలో ఉన్న పేర్లలో ఒకటి 'నాయిజ్'. అంటే షోరే. తిట్టునే పేరుగా పెట్టుకున్నారన్నమాట.

సంగీతం వినొచ్చా, వినకూడదా అన్న దాని మీద ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ కథనం ఆ చర్చలోకి పోవడం లేదు. పెద్ద చప్పుడునే కళగా చేసుకున్న మనుషులు ఆ నగరాల్లోనే ఎందుకు పుట్టుకొచ్చారు, వాళ్లు చేసేది ఏమిటి అన్నది వివరించడమే ఇక్కడి పని.

ఎవరెవరు ఉన్నారు?

షరీఫ్ సెహ్నావీ, మాజెన్ కర్బాజ్, టోనీ ఎలియే బీరూట్ వాళ్లు. సెహ్నావీది గిటార్, కర్బాజ్‌ది ట్రంపెట్. ఎలియే బాస్ గిటార్ వాయిస్తారు. ఆయన అంతకుముందు బీరూట్‌లో పేరున్న 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అనే రాక్ బ్యాండ్‌లో పనిచేశారు. కైరో నుంచి మారిస్ లూకా కీబోర్డు, ఎలక్ట్రానిక్ వాద్యాలు చూసుకుంటారు. సామ్ షలబిది ఈజిప్టు మూలాలున్న కుటుంబం. కెనడాలోని మాంట్రియల్‌లో, కైరోలో ఉంటూ ఊద్, ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తారు. ఇస్తాంబుల్ నుంచి ఉముత్ చాలార్ జుర్నా లాంటి ఊదే వాద్యాలతో వస్తారు. జుర్నా అంటే మన షెహనాయీకి దూరపు చుట్టం అనుకోవచ్చు. డ్రమ్స్, దర్బుకా మీద షికాగోకు చెందిన మైకేల్ జెరాంగ్.

పేరు ఫారసీ మాట. కార్ అంటే పని, ఖానా అంటే చోటు. నలుగురు చేతులు కలిపి వస్తువు తయారుచేసే చోటు. షోరూం కాదు, వెనకాల ఉండే వర్క్‌షాప్. ఈ సంగీతానికి ఇంతకన్నా సరిపోయే పేరు దొరకదు. ఎందుకంటే ఇక్కడ తయారైన సరుకుతో పాటు తయారుచేయడం కూడా జనం ముందే జరుగుతుంది. సుత్తి దెబ్బ, ఆకురాయి రాపిడి అన్నీ వినపడతాయి.

'ఇర్తిజాల్' మనకు కొత్త కాదు

అప్పటికప్పుడు కల్పించి చెప్పడాన్ని అరబీలో 'ఇర్తిజాల్' అంటారు. సెహ్నావీ, కర్బాజ్ కలిసి 2000లో బీరూట్‌లో పునాది వేసిన సంగీతోత్సవం పేరు కూడా అదే.

మాట కొత్తగా ఉండొచ్చు కానీ పని మనకు తెలిసిందే. ముషాయరాల్లో ఒక మిస్రా ఇస్తే షాయర్లు అక్కడికక్కడే అల్లే 'ఫిల్ బదీహ్' కవిత్వం ఇదే. తెలుగులో ఆశుకవిత్వం, అవధానం ఇదే. దర్గా దగ్గర ఖవ్వాలీ విన్నవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఖవ్వాల్ ఒక పంక్తి దగ్గర ఆగి, మరో షేర్ తెచ్చి అక్కడ ముడివేస్తాడు. దాన్నే గిరహ్ పెట్టడం అంటారు. ఏ రాత్రి ఏ గిరహ్ పడుతుందో ముందు రాసుకుని రారు. ఎదుట కూర్చున్నవాళ్ల మాహోల్‌ను బట్టి పడుతుంది. అరబ్ సంగీతంలో ఊద్ వాద్యకారుడు ఒంటరిగా మఖామ్‌ను విప్పుతూ పోయే 'తఖ్సీమ్' కూడా ఇలాంటిదే.

అయితే ఒక తేడా ఉంది. ఖవ్వాల్‌కు తాళం ఉంది, కలాం ఉంది. తఖ్సీమ్‌కు మఖామ్ ఉంది. షాయర్‌కు బహర్, ఖాఫియా ఉన్నాయి. ఇంటి గోడలు అలాగే ఉంటాయి, లోపల సామాను మాత్రం ఇష్టమొచ్చినట్టు సర్దుకోవచ్చు. కార్ఖానా లాంటి బృందాలు ఆ గోడలు కూడా లేకుండా మొదలుపెడతాయి. గోడ కావాలనిపిస్తే వాయిస్తూనే కట్టుకుంటాయి, వద్దనిపిస్తే కూలుస్తాయి.

రెండు దారులు కలిసిన చోటు

ఈ పద్ధతి వెనక ఫ్రీ జాజ్, రాక్ అనే రెండు పాత దారులు ఉన్నాయి.

జాజ్ అమెరికాలో నల్లజాతి ప్రజల సంగీతం. అందులో ఇర్తిజాల్ మొదటినుంచీ ఉంది. కానీ పాట చట్రం చెదరకుండా నడిచేది. 1960 డిసెంబరులో ఆర్నెట్ కోల్‌మన్ అనే శాక్సఫోన్ కళాకారుడు ఎనిమిది మందిని స్టూడియోలో కూర్చోబెట్టారు. నలుగురు చొప్పున రెండు బృందాలు. ఒకటి ఎడమ స్పీకర్‌లో, రెండోది కుడి స్పీకర్‌లో వినిపించేలా, ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు బాస్ వాద్యకారులు ఒకేసారి వాయించగా 37 నిమిషాల రికార్డు తయారైంది. 1961లో అది 'ఫ్రీ జాజ్' అనే పేరుతో వచ్చింది. ఆ పేరే మొత్తం ధోరణికి స్థిరపడింది. నల్లజాతివారి హక్కుల పోరాటం నడుస్తున్న రోజులవి. 'ఫ్రీ' అనే మాట ఆ రోజుల్లో సంగీతం దగ్గర మాత్రమే ఆగేది కాదు.

జాజ్ చరిత్రలో ముస్లిం పేర్లు కూడా చాలా కనపడతాయి. యూసుఫ్ లతీఫ్, అహ్మద్ జమాల్, డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ (అబ్దుల్లా ఇబ్న్ బుహైనా) ఇస్లాం స్వీకరించినవాళ్లే. జాన్ కోల్‌ట్రేన్ బృందంలో పియానో వాయించిన మెకాయ్ టైనర్ కూడా ఇస్లాంలోకి వచ్చి సులైమాన్ సవూద్ అన్న పేరు పెట్టుకున్నారు.

రెండో దారి రాక్. అది కరెంటు గిటార్ సంగీతం. ఫంక్షన్ హాల్లో మైకు స్పీకర్ దగ్గరికి పోతే కీచుమని అరుస్తుంది కదా. స్పీకర్ చప్పుడును మైకు పట్టుకోవడం, ఆ చప్పుడు మళ్లీ స్పీకర్‌లోంచి రావడం, దాన్ని మైకు మళ్లీ పట్టుకోవడం, ఇలా గిరగిరా తిరిగి పెరిగే మోత అది. ఫీడ్‌బ్యాక్ అంటారు. మన దగ్గర మైక్ సెట్ అబ్బాయి పరిగెత్తుకెళ్లి దాన్ని ఆపుతాడు. రాక్ గిటారిస్టులు దాన్ని ఆపకుండా మచ్చిక చేసుకున్నారు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతాన్ని గిటార్ మీద వాయిస్తూ మధ్యలో ఈ అరుపుల్ని దింపారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం. విన్నవాళ్లకు విమానాలు, బాంబులు వినిపించాయి.

ఈ రెండు దారులు యూరప్‌లో, జపాన్‌లో, అమెరికాలో చాలా చోట్ల కలుసుకున్నాయి. జర్మనీకి చెందిన పీటర్ బ్రోట్జ్‌మన్ 1968లో ఎనిమిది మందితో చేసిన రికార్డు పేరు 'మెషిన్ గన్'. అదే బ్రోట్జ్‌మన్‌తో తర్వాతి రోజుల్లో మైకేల్ జెరాంగ్ షికాగోలో వాయించారు. ఉముత్ చాలార్ బృందం 'కన్‌స్ట్రక్ట్' ఇస్తాంబుల్‌లో ఆయనతో కలిసి రికార్డు చేసింది. కార్ఖానా ఊడిపడ్డది కాదు. ఈ సంగీతంలోనూ ఉస్తాద్ ఉన్నాడు, షాగిర్ద్ ఉన్నాడు.

బాంబు చప్పుడు ఎవరికి సంగీతం?

చప్పుడు కూడా కళే అని కాగితం మీద మొదట గట్టిగా రాసినవాళ్లలో ఇటలీకి చెందిన లుయీజీ రుస్సోలో ఒకరు. 1913లో ఆయన రాసిన ప్రకటన పేరు 'చప్పుళ్ల కళ'. యంత్రాలు, రైళ్లు, జన సమూహాల చప్పుళ్లతో కొత్త సంగీతం రావాలన్నది ఆయన వాదన. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రచనలోనే ఆయన మిత్రుడు, కవి మరినెట్టి యుద్ధరంగం నుంచి పంపిన వర్ణన ఒకటి ఉంది. ఫిరంగులు ఎలా పేలుతున్నాయో మురిసిపోతూ రాసిన వర్ణన.

ఆ ఫిరంగులు పేలుతున్నది ఎక్కడ? అప్పటి ఉస్మానియా సామ్రాజ్యంలోని ఎదిర్నే నగరం మీద. బాల్కన్ యుద్ధంలో ఆ ఊరిని నెలల తరబడి ముట్టడించారు. ఆ యుద్ధంలో గాయపడ్డ తుర్కీ సైనికులకు వైద్యం చేయడానికే 1912 చివర్లో డాక్టర్ అన్సారీ నాయకత్వంలో మన దేశం నుంచి వైద్య బృందం వెళ్లింది. అంటే ఒకే చప్పుడు. ముట్టడించేవాళ్ల వైపు నిలబడ్డ కవికి అది కచేరీ. ఊళ్లో ఉన్నవాళ్లకు అది చావు.

కార్ఖానా లాంటి బృందాల ప్రాధాన్యం ఇక్కడే తెలుస్తుంది. వీళ్లు చప్పుడుకు అవతలి వైపున, కింద, ఇళ్లల్లో ఉన్నవాళ్లు. మాజెన్ కర్బాజ్ పుట్టింది 1975లో. లెబనాన్ అంతర్యుద్ధం మొదలైన ఏడాది అదే. 1990 దాకా సాగిన ఆ యుద్ధంలో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. పదిహేనేళ్లు వచ్చేవరకు ఆయన చెవిలో పడ్డ నగరం అలాంటిది. సెహ్నావీ ఆయనకంటే ఒక ఏడాది చిన్న.

2006 జూలైలో ఒక రాత్రి

2006 జూలై 12న ఇజ్రాయెల్, హిజ్బుల్లా మధ్య యుద్ధం మొదలైంది. 34 రోజులు జరిగింది. లెబనాన్‌లో 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది సాధారణ జనమే.

జూలై 15 రాత్రి తెల్లవారితే 16. బీరూట్ మీద విమానాలు బాంబులు వేస్తున్నాయి. కర్బాజ్ తన ఇంటి బాల్కనీలోకి రికార్డర్ తెచ్చి పెట్టుకుని ట్రంపెట్ ఊదడం మొదలుపెట్టారు. ఆ రికార్డింగ్‌లో ట్రంపెట్ సన్నగా, దాదాపు ఊపిరి మాత్రమే అన్నట్టు వినపడుతుంది. పాట లేదు, రాగం లేదు. తర్వాత ఒక పేలుడు. దాని అదురుకు వీధిలో కార్ల అలారాలు మోగుతాయి. కుక్కలు మొరుగుతాయి. మెల్లగా అన్నీ సద్దుమణుగుతాయి. మళ్లీ ఊపిరి. అందులోని ఆరు నిమిషాల పైచిలుకు ముక్కను ఆయన 'స్టారీ నైట్' పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. వాయించినవాళ్ల జాబితాలో రెండు పేర్లు రాశారు. ట్రంపెట్ తనది, బాంబులు ఇజ్రాయెల్ వాయుసేనవి.

వినేవాళ్లకు గట్టిగా తగిలేది పేలుడు కాదు, పేలుళ్ల మధ్య నిశ్శబ్దం. బాంబు ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు నిశ్శబ్దంలో కూడా సుకూన్ ఉండదని ఆ ఆరు నిమిషాలు చెప్పినంత సూటిగా వార్తల బులెటిన్ చెప్పలేదు. ఆయన బాంబుతో పోటీపడి గట్టిగా ఊదలేదు. ఊదినా గెలవరు. దానికి జవాబు కూడా ఇవ్వలేదు. నేనింకా ఇక్కడే ఉన్నాను, ఊపిరి తీస్తున్నాను అన్నంత మేరకే వినిపించారు.

అప్పటికి కార్ఖానా ఇంకా పుట్టలేదు. కానీ ఆ బృందం చెవి ఎలాంటిదో తెలియాలంటే ఈ ముక్క వినాలి.

మరి గోలకూ దీనికీ తేడా ఏమిటి?

పిల్లాడు గిన్నెల మీద గరిటెతో కొట్టినా చప్పుడే వస్తుంది. వీళ్లు చేసేదీ చప్పుడే. తేడా ఎక్కడుంది?

మొదటి తేడా వినడంలో ఉంది. గోలలో ఎవరూ ఎవర్నీ వినరు. టీవీ చర్చలు చూస్తే తెలుస్తుంది. ఇర్తిజాల్‌లో ఒక్క క్షణం వినకపోయినా కచేరీ చెడిపోతుంది. గిటార్ ఒక్కసారి గొంతు పెంచిందనుకుందాం. ట్రంపెట్ ముందు మూడు దారులుంటాయి. దానితో కలవొచ్చు, దానికి ఎదురు నిలవొచ్చు, లేదంటే ఊరుకోవచ్చు. ఆ నిర్ణయానికి దొరికే సమయం రెప్పపాటు. ఏడుగురిలో ప్రతి ఒక్కరూ మిగతా ఆరుగురి విషయంలో కచేరీ పొడవునా ఇదే చేస్తుంటారు. ఇందులో కష్టమైన విద్య ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం.

రెండో తేడా రియాజ్. కర్బాజ్ ట్రంపెట్‌ను అందరిలా పట్టుకోరు. ఒక్కోసారి మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పొడవాటి రబ్బరు గొట్టం తగిలించి దాంట్లోంచి ఊదుతారు. ట్రంపెట్ నోటికి రేకు మూతలు అడ్డం పెడతారు. సెహ్నావీ గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి పుల్లలతో కొడతారు. చూడ్డానికి తమాషాగా ఉంటుంది. కానీ గొట్టం పొడవును బట్టి, ఊపిరి ఒత్తిడిని బట్టి ఏ చప్పుడు వస్తుందో ముందే తెలిసి ఉండాలి. అప్పుడే కావాల్సిన చోట కావాల్సినంత వస్తుంది. దాని వెనక ఏళ్ల సాధన ఉంది.

మూడోది, కార్ఖానాలో చప్పుడు ఒక్కటే ఉండదు. బాస్, డ్రమ్స్ కలిసి రాక్ బ్యాండ్‌లా ఒకే దరువును పట్టుకుని తిప్పుతుంటాయి. దాని మీద ఊద్, జుర్నా మఖామ్‌ల వాసన తెస్తాయి. పావు స్వరాలు వినపడతాయి. చెవికి కాస్త తెలిసిన దారి దొరకగానే కీబోర్డు దాన్ని చెరిపేస్తుంది. తెలిసినదీ తెలియనిదీ ఇలా దోబూచులాడటమే ఈ బృందం ప్రత్యేకత.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే మర్ఫా ఉంది. యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు నిజాం కాలంలో హైదరాబాద్‌కు తెచ్చిన దరువు అది. బారాత్‌లో మర్ఫా మోగితే రెండు వీధుల అవతల నిద్రపోయేవాళ్లకు షోర్. బారాత్‌లో ఉన్నవాళ్ల కాళ్లు మాత్రం ఆగవు. చప్పుడు ఒకటే. లోపల నిలబడి వింటే ఒకలా, బయట నిలబడి వింటే ఇంకోలా ఉంటుంది.

లెక్క ఎలా కుదురుతుంది?

ఈ సంగీతానికి సినిమా పాటల మార్కెట్ లేదు. చిన్న హాళ్లు, తక్కువ కాపీలు వేసే చిన్న రికార్డు కంపెనీలు, యూరప్ దేశాల సాంస్కృతిక సంస్థల సాయం, వీటి మీదే బండి నడుస్తుంది. 2005లో బీరూట్‌లో ఇలాంటి సంగీతం కోసమే పెట్టిన కంపెనీ పేరు 'అల్ మస్లఖ్'. అంటే కబేళా. ఇంకెవరూ అచ్చు వేయని సరుకు మేం వేస్తాం అన్నది వాళ్ల దారి.

ఒక రకంగా ఇర్తిజాల్ పేదవాళ్లకు అందుబాటులో ఉండే విద్య. నాలుగు నగరాల మనుషులు నెలల తరబడి రిహార్సల్ చేయాలంటే అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? రిహార్సల్ అక్కర్లేని సంగీతమైతే పొద్దున దిగి రాత్రి వాయించొచ్చు.

కానీ 2019 తర్వాత లెబనాన్‌లో లెక్కలన్నీ తలకిందులయ్యాయి. బ్యాంకులు జనం డిపాజిట్లను బిగబట్టాయి. డాలరుకు 1,507 పౌండ్లు ఉండే దేశంలో 2023 నాటికి రేటు 89,500 దగ్గరికి చేరింది. ఒకప్పుడు 1,000 డాలర్ల విలువ చేసే 15 లక్షల పౌండ్లు చేతిలో ఉంటే, ఇప్పుడు వాటికి 17 డాలర్లు కూడా రావు. ఒక కళాకారుడికి విమాన టికెట్ కొనాలన్నా, ఒక ఆంప్లిఫయర్ బాగుచేయించాలన్నా డాలర్లే కావాలి. దీని మీద 2020 ఆగస్టు 4న బీరూట్ పోర్టులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. 200 మందికి పైగా చనిపోయారు. పోర్టు చుట్టుపక్కల కళాకారులు, గ్యాలరీలు ఎక్కువగా ఉండే వీధులే బాగా దెబ్బతిన్నాయి. 2024లో మళ్లీ యుద్ధం వచ్చింది.

వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోతున్నారు. కర్బాజ్ 2015లోనే బెర్లిన్‌కు మారారు. గల్ఫ్‌కో అమెరికాకో పిల్లల్ని పంపిన మన ఇళ్లకు ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక నగరంలో సంగీతం నిలవాలంటే కళాకారులు ఉంటే సరిపోదు. రాత్రి పూట ఒక హాలు తెరిచి, నలుగురు వచ్చి కూర్చునే ధైర్యం ఉండాలి. ఇర్తిజాల్ ఉత్సవం ఇరవై ఏళ్లకు పైగా నిలబడటం అందుకే చిన్న విషయం కాదు.

వినాలనుకునేవాళ్లకు

కార్ఖానా పేరుతో వెతికితే ఇంటర్నెట్‌లో కచేరీలు దొరుకుతాయి. 'ఫర్ సెయున్ మత్తా' వాళ్ల రికార్డుల్లో ఒకటి. మొత్తం ఒకేసారి అర్థం చేసుకోవాలని కూర్చోకండి. మొదటి పది నిమిషాలు ఒక్క ఊద్‌నో, ఒక్క డ్రమ్మునో పట్టుకుని దాని వెంటే పోండి. అది ఎవరికి జవాబు చెబుతోందో, ఎక్కడ ఆగిందో గమనించండి. రెండోసారి వేరే వాద్యాన్ని పట్టుకోండి. వాల్యూమ్ తగ్గించే వినండి, చెవులు మీవి. పసిపిల్లలు, గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే స్పీకర్లో పెట్టొద్దు.

విన్న తర్వాత కూడా నచ్చకపోవచ్చు. నచ్చి తీరాలని రూలేం లేదు. కానీ గాజా, బీరూట్, దమిష్క్ పేర్లు మన ఇళ్లల్లో టీవీ నుంచి రోజూ వినపడతాయి. చనిపోయినవాళ్ల లెక్కతో పాటు వినపడతాయి. ఆ లెక్కలో లేని మనుషులు, బతికి ఉన్నవాళ్లు, ఆ చప్పుళ్ల మధ్య ఏం చేస్తున్నారన్నది వార్తల్లో రాదు. కొందరు రొట్టెలు కాలుస్తున్నారు, కొందరు బడి నడుపుతున్నారు. ఈ ఏడుగురు నెత్తిన పడ్డ చప్పుడును తీసుకుని, కార్ఖానాలో ఇనుమును వంచినట్టు వంచి, తమకు కావాల్సిన ఆకారం తెస్తున్నారు.